విత్తనం నుండి అలంకరణ గడ్డి: పెరటి తోటలో పెంపకం, పాటించవలసిన విచక్షణ

తెలుగు రైతు దృష్టిలో గడ్డి అంటే పశువుల మేత, లేదా పైరులో ఏరివేయవలసిన కలుపు. దానిని అందం కోసం ఏరి కోరి పెంచడం మన సేద్య సంప్రదాయంలో అరుదు. శరదృతువులో గోదావరి లంకలలో రెల్లు పూసినప్పుడు చూసి ఆనందించిన వారే గాని, ఆ దుబ్బును పెరట్లోకి తెచ్చుకున్న వారు లేరు. గత కొన్నేళ్ళుగా పట్టణాలలో ఈ స్థితి మారుతున్నది. విల్లాల ముంగిళ్ళలో, రహదారుల విభాగినులపై, మిద్దె తోటలలో ఊదారంగు ఆకుల గడ్డి, కుచ్చుల వంటి కంకులున్న గడ్డి కనిపిస్తున్నాయి. నర్సరీలో ఒక్కొక్క కుండీకి ధర ఎక్కువ కావడం వలన, విత్తన పొట్లం కొని స్వయంగా పెంచుకోవాలని కోరే గృహస్థులు కృషి విజ్ఞాన కేంద్రాలను సంప్రదించడం సహజం. ఏ గడ్డి విత్తనం మొలుస్తుంది, ఎందుకు మొలవదు, ఎలా పెంచాలి అనే ప్రశ్నలకు సమాధానం విత్తన శాస్త్రంలో ఉన్నది. అసలు ఏ గడ్డిని పెంచవచ్చు అనే ప్రశ్నకు మాత్రం కలుపు శాస్త్రాన్ని, విత్తనోత్పత్తి నియమాలను కూడా చూడవలసి ఉంటుంది. ఈ రెండు విషయాలను కలిపి పరిశీలించినప్పుడే విస్తరణ సలహా సమగ్రమవుతుంది.

గడ్డి విత్తనం స్వభావం

గడ్డి కుటుంబమైన పోయేసిలో 11,000కు పైగా జాతులున్నాయి. వరి, జొన్న, సజ్జ, చెరకు, వెదురు అన్నీ ఈ కుటుంబానివే. మనం గడ్డి విత్తనమని పిలిచేది వృక్షశాస్త్ర రీత్యా ఒక ఫలం. ఫలకవచమూ బీజకవచమూ విడదీయరాని విధంగా అతుక్కొని ఉన్న ఈ ఏకబీజ ఫలాన్ని కారియాప్సిస్ అంటారు. సజ్జలో నూర్పిడి చేయగానే గింజ నగ్నంగా బయటపడుతుంది. కొర్రలో గింజను గట్టి పొట్టు అంటిపెట్టుకొని ఉంటుంది. అంజన్ గడ్డి వంటి వాటిలో నూగు, ముళ్ళ వంటి కేశాలతో కూడిన చిరుకంకి మొత్తం రాలి, అదే విత్తనంగా చేతికి వస్తుంది.

ఈ భేదం పెంపకందారునికి ముఖ్యం. నూగుతో కూడిన చిరుకంకులలో కొన్ని గింజ లేని తాలు చిరుకంకులే. పొట్లం నిండుగా కనిపించినా లోపల ఉన్న గింజలు తక్కువ కావచ్చు. కాబట్టి అటువంటి విత్తనాన్ని కొన్నప్పుడు ఇరవై చిరుకంకులను గోటితో నలిపి, ఎన్నింటిలో గట్టి గింజ ఉన్నదో లెక్కించడం మొదటి పని. మొలక శాతం తక్కువగా వచ్చినప్పుడు విత్తనం చచ్చిపోయిందా, నిద్రావస్థలో ఉన్నదా, లేక గింజే లేదా అన్నది ఈ పరీక్షతో కొంతవరకు తేలుతుంది.

విత్తనంతో పెంచదగినవి, పెంచలేనివి

అలంకరణ గడ్డి జాతులన్నీ విత్తనం ద్వారా రావు. దక్షిణ భారతంలో సాగులో ఉన్న వట్టివేరు రకాలు సాధారణంగా విత్తనం కట్టవు. వాటిని పిలకల ద్వారానే వృద్ధి చేయాలి. నిమ్మగడ్డి కూడా సాధారణంగా పిలకలతో సాగవుతుంది. నర్సరీలలో విరివిగా అమ్ముడుపోయే ఊదారంగు ఫౌంటెన్ గడ్డి, అనగా రూబ్రమ్ రకం, మొలకెత్తగల విత్తనాన్ని దాదాపుగా ఇవ్వదు. ఆకుపై తెల్లని లేదా పసుపు చారలున్న రకాలలో ఆ చారలు విత్తన సంతతిలో నిలకడగా రావు. కనుక రూబ్రమ్ విత్తనాలనో, చారల గడ్డి విత్తనాలనో పేర్కొంటూ అమ్మే పొట్లాలను అనుమానించవలసిందే. రూబ్రమ్ పేరుతో వచ్చిన విత్తనం నిజంగా మొలిచి, ఆకుపచ్చ మొక్కలను ఇస్తే, అది ఆకుపచ్చ ఫౌంటెన్ గడ్డి అయి ఉండే అవకాశం ఉన్నది. ఆ గడ్డి వలన కలిగే ప్రమాదం గురించి తరువాత వివరించబడినది.

విత్తనం ద్వారా సులభంగా వచ్చే వాటిలో ఏకవార్షికాలు ముందుంటాయి. అవి ఒకే కాలంలో మొలిచి, కంకి వేసి, ఎండిపోతాయి. బహువార్షికాలు మొదటి సంవత్సరం వేళ్ళను, పిలకలను పెంచుకొని, తరచుగా రెండవ సంవత్సరంలో గాని పూర్తి రూపాన్ని చూపవు. అందువలన తొలిసారి పెంచేవారికి ఏకవార్షికాలనే సూచించడం మంచిది.

తెలుగు రాష్ట్రాలకు అనువైన జాతులు

అలంకరణ సజ్జ: చిరుధాన్యం ఉద్యానవనంలోకి ప్రవేశించిన ఉదంతం ఇది. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో సజ్జ ప్రజననకారుడు డేవిడ్ ఆండ్రూస్ కృషితో రూపొందిన పర్పుల్ మెజెస్టీ అనే ఊదారంగు సంకర రకానికి 2003లో ఆల్ అమెరికా సెలక్షన్స్ స్వర్ణ పతకం లభించింది. ఆండ్రూస్ అంతకు ముందు పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో సజ్జ అభివృద్ధిపై పనిచేసిన శాస్త్రవేత్త. ఈ రకం మీటరు నుండి మీటరున్నర ఎత్తు పెరిగి, ముదురు ఊదారంగు ఆకులతో, అదే రంగు కంకులతో ఆకట్టుకుంటుంది. దీని విషయంలో పెంపకందారులు తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. లేత మొక్కలు ఆకుపచ్చగానే ఉంటాయి. ఆంథోసయనిన్ వర్ణకం ఏర్పడడానికి నేరుగా పడే ఎండ అవసరం. నీడవలలో పెంచిన నారును చూసి విత్తనం మారిపోయిందని భావించి పారవేయరాదు. ఎండలోకి మార్చిన తరువాత రంగు క్రమంగా వస్తుంది.

కొర్ర: నక్క తోక వలె వంగిన కంకి, దానిపై ఆకుపచ్చ, బంగారు, ఎరుపు లేదా ఊదా ఛాయల నూగు గల కొర్ర ప్రపంచంలో పలుచోట్ల పుష్పగుచ్ఛాలలో, ఎండు అలంకరణలలో ఉపయోగపడుతున్నది. మనకు ఇది రాయలసీమ పొలాల పైరు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి వెలువడిన సూర్యనంది వంటి రకాలు 70 నుండి 75 రోజులలో కోతకు వస్తాయి. కొర్ర ప్రధానంగా స్వపరాగ సంపర్కం గల పంట. కాబట్టి ఇంటిలో దాచుకున్న విత్తనం మరుసటి ఏడాది దాదాపు అదే రూపంలో వస్తుంది. ఈ కారణం చేత గృహస్థునికి, పాఠశాల తోటకు కొర్ర కంటే అనువైన అలంకరణ గడ్డి అరుదు.

కోయిక్స్: జపమాల పూసల గడ్డిగా ప్రసిద్ధమైన కోయిక్స్ లాక్రిమా జోబి మన దేశపు తేమ ప్రాంతాలలో సహజంగా పెరుగుతుంది. గింజ చుట్టూ ఉండే నిగనిగలాడే గట్టి తొడుగులో సహజంగానే రంధ్రం ఉండడం వలన దారం ఎక్కించి దండలు గుచ్చుతారు. మెత్తని తొడుగు గల రకాలను ఈశాన్య రాష్ట్రాలలో ఆహారంగా వాడతారు. ఇది మీటరు నుండి రెండు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. నీరు నిలిచే మూలలకు, వంటింటి నీరు పారే చోటుకు తగినది.

పామారోజా: సుగంధ తైలం కొరకు సాగుచేసే ఈ బహువార్షిక గడ్డి నిమ్మగడ్డికి దగ్గరి బంధువు. దీనిని విత్తనంతో నారు పోసి పెంచవచ్చు. పూత దశలో దుబ్బు పైభాగం ఎర్రని గోధుమ రంగు పొగమంచు వలె కనిపిస్తుంది. ఆకు నలిపితే గులాబీని పోలిన వాసన వస్తుంది. నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది.

చలికాలపు గడ్డి: కుందేలు తోక వంటి మెత్తని కంకి గల లాగురస్ ఓవేటస్, గాలికి ఊగే చిరుకంకులు గల బ్రైజా మాక్సిమా మధ్యధరా ప్రాంతపు ఏకవార్షికాలు. వీటి కిరణజన్య సంయోగక్రియ సి3 పద్ధతిలో సాగుతుంది. మన వేసవిని అవి తట్టుకోలేవు. వీటిని విత్తేవారు అక్టోబరు చివరి నుండి నవంబరు వరకు విత్తి, ఫిబ్రవరి ముగిసేలోగా కంకులు కోసుకోవాలి. జూన్‌లో విత్తి మొలవలేదని వాపోయేవారికి కారణం విత్తన లోపం కాక కాల దోషమే కావచ్చు. సజ్జ, కొర్ర, కోయిక్స్, పామారోజా సి4 జాతులు కనుక 25 నుండి 35 డిగ్రీల సెల్సియస్ వద్ద చురుకుగా మొలుస్తాయి. వానాకాలపు తొలి జల్లుల తరువాత జూన్, జూలై వీటికి అనువైన సమయం. సజ్జ, కొర్రలను నీటి వసతి ఉన్నచోట జనవరి చివరిలో కూడా విత్తవచ్చు.

విత్తన నిద్రావస్థ, మొలక పరీక్ష

గడ్డి విత్తనం మొలవకపోవడానికి ప్రధాన కారణాలలో నిద్రావస్థ ఒకటి. అనేక ఉష్ణమండల గడ్డి జాతులలో అప్పుడే రాలిన విత్తనం, తగిన తేమ, వేడి ఉన్నప్పటికీ మొలవదు. అక్టోబరులో రాలిన గింజ వెంటనే మొలిస్తే రాబోయే ఎండలకు మాడిపోతుంది. తరువాతి వర్షాకాలం వరకు ఆగగలిగిన గింజల సంతతే నిలిచింది. ఈ గుణం పొడి నిల్వలో కొన్ని నెలలకు క్రమంగా తొలగిపోతుంది. దీనిని అనంతర పక్వత అంటారు. అంజన్ గడ్డి, పామారోజా విత్తనాలను కోసిన వెంటనే విత్తక, కొన్ని నెలలు నిల్వచేసి వాడడం వెనుక కారణం ఇదే.

ఇంటి స్థాయిలో నిద్రావస్థను తొలగించేందుకు మూడు సులభ మార్గాలున్నాయి. మొదటిది, కాగితపు సంచిలో విత్తనాన్ని గది ఉష్ణోగ్రత వద్ద తరువాతి విత్తు కాలం వరకు నిల్వ ఉంచడం. రెండవది, పొట్టును రెండు అరచేతుల మధ్య గాని, ముతక గుడ్డపై గాని సున్నితంగా నలిపి వదులుచేయడం. మూడవది, పొటాషియం నైట్రేట్ 0.2 శాతం ద్రావణం, అనగా లీటరు నీటికి 2 గ్రాములు కలిపిన ద్రావణంతో విత్తన పరీక్ష కాగితాన్ని లేదా నారు మిశ్రమాన్ని తొలిసారి తడపడం. అంతర్జాతీయ విత్తన పరీక్షా నియమాలలో గడ్డి జాతులకు ఈ గాఢతనే వాడతారు. గంధకామ్లంతో పొట్టును కాల్చే పద్ధతి ప్రయోగశాలకు పరిమితం. దానిని గృహస్థులకు సూచించరాదు. కోయిక్స్ గింజలను మాత్రం గట్టి తొడుగు నీటిని పీల్చుకొనేలా 24 గంటలు నానబెట్టి విత్తాలి.

విత్తే ముందు మొలక పరీక్ష తప్పనిసరి. 100 గింజలను, పొట్లం చిన్నదైతే 50 గింజలను, తడి గుడ్డలో లేదా కాగితంలో వరుసలుగా పేర్చి చుట్టి, ఆరిపోకుండా నీడలో ఉంచాలి. సజ్జకు మూడవ రోజు తొలి లెక్క, ఏడవ రోజు తుది లెక్క తీస్తారు. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం సజ్జలో కనీస మొలక శాతం 75. ఇంటి పరీక్షలో 40 శాతం మాత్రమే వస్తే విత్తనాన్ని పారవేయనవసరం లేదు. గుంటకు రెండు, మూడు గింజలు వేసి సరిపెట్టుకోవచ్చు. వెయ్యి సజ్జ గింజల బరువు సుమారు 10 గ్రాములు, వెయ్యి కొర్ర గింజల బరువు 2 నుండి 3 గ్రాములు. ఈ లెక్కన పది గ్రాముల పొట్లం ఒక ఇంటి అవసరానికి మించి ఉంటుంది.

నారు పెంపకం

ప్రోట్రేలలో గాని, పది సెంటీమీటర్ల లోతు గల వెడల్పాటి తొట్లలో గాని నారు పెంచవచ్చు. కుళ్ళిన కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, వర్మీకంపోస్టు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపిన మిశ్రమం సరిపోతుంది. విత్తే లోతు గింజ పరిమాణాన్ని బట్టి నిర్ణయించాలి. గింజ మందానికి రెండు, మూడు రెట్ల లోతు సాధారణ సూత్రం. సజ్జకు ఒకటి నుండి రెండు సెంటీమీటర్లు, కొర్రకు సెంటీమీటరు, కోయిక్స్‌కు రెండు నుండి మూడు సెంటీమీటర్లు చాలు. పామారోజా గింజ మరీ సన్ననిది కనుక పది రెట్లు సన్నని ఇసుకతో కలిపి పైపైన చల్లి, పలుచగా కంపోస్టు పొడి కప్పాలి. లోతుగా పడిన చిన్న గింజలో అంకురచ్ఛదపు నిల్వ నేల పైకి చేరకముందే అయిపోతుంది. మొలక లోపలే నశిస్తుంది.

చల్లిన వెంటనే రోజ్ తగిలించిన క్యానుతో సన్నగా నీరివ్వాలి. ధారగా పోస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి. మొలక వచ్చే వరకు పై పొర ఆరరాదు. అయితే నీరు నిలువరాదు. చీమలు గింజలను మోసుకుపోవడం, పిచ్చుకలు ఏరుకు తినడం పెరటి తోటలో నిత్యం జరిగేవే. తొట్టి కాళ్ళను నీటి పళ్ళెంలో ఉంచడం, పైన పాత దోమతెర కప్పడం వలన నష్టం తగ్గుతుంది. అనుకూల వేడిలో సజ్జ, కొర్ర మూడు నుండి ఆరు రోజులలో మొలుస్తాయి. కోయిక్స్, పామారోజా రెండు వారాలు లేదా అంతకు మించి కూడా తీసుకోవచ్చు.

అధిక తేమ వలన నారుకుళ్ళు కనిపిస్తే నీటిని తగ్గించి, గాలి ఆడేటట్లు పలుచన చేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపాలి. మూడు, నాలుగు ఆకుల దశలో, అనగా సజ్జ, కొర్ర విషయంలో సుమారు 20 రోజులకు, నారును నాటవచ్చు. పామారోజా నారుకు 30 నుండి 40 రోజులు పడుతుంది. నాటడానికి వారం ముందు నుండి నీటిని తగ్గించి, ఎండకు అలవాటు చేస్తే మొక్కలు వాడిపోవు.

నాటిన తరువాత యాజమాన్యం

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడే చోటును ఎన్నుకోవాలి. నీడలో గడ్డి సన్నగా సాగి, పడిపోతుంది. రంగు కూడా తేరదు. సజ్జ మొక్కల మధ్య 30 నుండి 45 సెంటీమీటర్లు, కొర్రకు 15 నుండి 20, పామారోజా, కోయిక్స్‌లకు 45 నుండి 60 సెంటీమీటర్ల ఎడం ఇవ్వాలి. కుండీలలో అయితే 12 అంగుళాల కుండీకి ఒక సజ్జ మొక్క లేదా మూడు కొర్ర మొక్కలు ఉంచవచ్చు.

పొలంలో దిగుబడి కొరకు వాడే నత్రజని మోతాదును పెరటిలో అనుసరించనవసరం లేదు. నత్రజని ఎక్కువైతే ఆకు ముదురు ఆకుపచ్చగా మారి, కాండం మెత్తబడి, గాలివానకు వాలిపోతుంది. నాటేటప్పుడు చదరపు మీటరుకు రెండు కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, పిలక దశలో ఒక గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. నల్లరేగడి నేలలలో నీరు నిలవకుండా ఎత్తైన మడులు చేసుకోవాలి.

బహువార్షిక దుబ్బులను ఏటా ఒకసారి నేలకు 10 నుండి 15 సెంటీమీటర్ల ఎత్తున కోసివేయాలి. వేసవి ముందు ఈ పని పూర్తిచేస్తే ఎండు ఆకుల వలన అగ్ని ప్రమాదం ఉండదు. దీపావళి బాణసంచాకు ముందే ఎండు కంకులను తొలగించడం మంచిది. దట్టమైన దుబ్బులలో ఎలుకలు, వాటి వెంట పాములు చేరే అవకాశం ఉన్నందున గుమ్మాల పక్కన, పిల్లలు ఆడే చోట వీటిని పెంచరాదు. గడ్డి పుప్పొడి గాలి ద్వారా వ్యాపిస్తుంది. అది అలర్జీకి, ఉబ్బసానికి ప్రేరకం. అటువంటి రోగులున్న ఇళ్ళలో పడకగది కిటికీల వద్ద నాటకూడదు.

తెగుళ్ళు, పురుగులు

అలంకరణ సజ్జకూ, పొలంలోని సజ్జకూ తెగుళ్ళు ఒకటే. వెర్రికంకి తెగులు సోకిన మొక్కలో ఆకుల అడుగున తెల్లని బూజు, కంకి స్థానంలో ఆకుల కుచ్చు ఏర్పడతాయి. ఈ కుచ్చును కొందరు వింత అందంగా భావించి ఉంచుకొనే ప్రమాదం ఉన్నది. అటువంటి మొక్కను వెంటనే పీకి కాల్చివేయాలి. దీని సిద్ధబీజాలు నేలలో సంవత్సరాల తరబడి నిలుస్తాయి. పైరుకు సూచించే మెటలాక్సిల్ విత్తనశుద్ధి మోతాదు కిలోకు 6 గ్రాములు. పది గ్రాముల విత్తనానికి అది 60 మిల్లీగ్రాములు అవుతుంది. ఇంటిలో తూచడం అసాధ్యం కనుక శుద్ధిచేసిన విత్తనాన్ని కొనడమే మేలు. తేనెబంక తెగులు సోకిన కంకి నుండి గులాబీ రంగు జిగురు కారి, తరువాత గింజ స్థానంలో నల్లని గట్టి గుళికలు ఏర్పడతాయి. ఇవి విషపూరితాలు. అటువంటి కంకులను కోళ్ళకు, పశువులకు, పెంపుడు పక్షులకు వేయరాదు. విత్తనాన్ని 2 శాతం ఉప్పునీటిలో వేసి, తేలిన గుళికలను తీసివేసి, మునిగిన గింజలను మంచినీటితో కడిగి ఆరబెట్టి వాడాలి.

2018లో మన దేశంలో తొలిసారి గుర్తించిన కత్తెర పురుగు మొక్కజొన్ననే గాక అనేక గడ్డి జాతులను తింటుంది. పెరటి గడ్డి సుడిలో చిల్లులు, రంపపు పొట్టు వంటి విసర్జన కనిపిస్తే గొంగళిని చేతితో ఏరివేయాలి. పక్కన మొక్కజొన్న పొలం ఉన్న గ్రామాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

విత్తన సేకరణ

కొర్రలో ఆరోగ్యవంతమైన కంకులను గింజ గట్టిపడిన తరువాత కోసి, నీడలో ఆరబెట్టి, నలిచి దాచుకోవచ్చు. విత్తనంలోని తేమ ఒక శాతం తగ్గినప్పుడు గాని, నిల్వ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు తగ్గినప్పుడు గాని దాని ఆయుర్దాయం సుమారు రెట్టింపు అవుతుందని హారింగ్‌టన్ సూత్రం చెబుతుంది. బాగా ఆరిన గింజను గాలి చొరని సీసాలో వేసి చల్లని చోట ఉంచడం దీని ఆచరణ రూపం.

సజ్జ విషయం వేరు. సజ్జ కంకిలో కీలాగ్రాలు ముందుగా వెలువడి, పుప్పొడి తరువాత వస్తుంది. అందువలన ఇది ప్రధానంగా పరపరాగ సంపర్కానికి లోనవుతుంది. పైగా అలంకరణ సజ్జ మొదటి తరపు సంకరం. దాని గింజను దాచి విత్తితే ఎత్తులో, రంగులో, కంకి రూపంలో భేదాలున్న మిశ్రమ సంతతి వస్తుంది. తన పొట్లంలో కల్తీ జరిగిందని తోటపెంపకందారు అనుకొనేది తరచుగా లక్షణాల పృథక్కరణమే.

అలంకరణ మొక్క కలుపుగా మారినప్పుడు

లాంటానాను పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో అలంకరణ కొరకే మన దేశానికి తెచ్చారు. నేడు అది అడవులను ఆక్రమించింది. చెరువులను కప్పివేసిన గుర్రపు డెక్క కూడా పూల అందం చూసి తెచ్చిన మొక్కే. గడ్డి జాతులలో ఈ గుణం మరింత ఎక్కువ. వాటి విత్తనం తేలికైనది, సంఖ్యాధికమైనది, గాలికి ఎగిరేది, పశువుల చర్మానికి, బట్టలకు అంటుకొనేది.

ఆకుపచ్చ ఫౌంటెన్ గడ్డి దీనికి ఉదాహరణ. పెన్నిసెటమ్ సెటేసియమ్ అనే పేరుతో విత్తన జాబితాలలో కనిపించే ఈ ఆఫ్రికా, పశ్చిమాసియా జాతిని ఇప్పుడు సెంక్రస్ ప్రజాతిలో చేర్చారు. ఇది అసంయోగ జననం ద్వారా, అనగా ఫలదీకరణ లేకుండానే విత్తనం కడుతుంది. కాబట్టి ఒక్క మొక్క ఉన్నా సంతతి విస్తరించగలదు. హవాయి దీవులలో అలంకరణకు తెచ్చిన ఈ గడ్డి లావా భూములను ఆక్రమించి, ఎండిన తరువాత దావానలాలకు ఇంధనమైంది. మంటలకు స్థానిక మొక్కలు నశిస్తే, ఇది మాత్రం మొదళ్ళ నుండి తిరిగి చిగురించి మరింత వ్యాపిస్తుంది. 2017లో యూరోపియన్ యూనియన్ దీనిని ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చి, పెంపకాన్ని, అమ్మకాన్ని నిషేధించింది. పంపాస్ గడ్డి కాలిఫోర్నియాలో, న్యూజిలాండ్‌లో ఇదే విధంగా సమస్యగా మారింది. గులాబీ రంగు కుచ్చులు గల నేటాల్ గడ్డి ఆఫ్రికా నుండి వచ్చి మన దేశంలో ఇప్పటికే బాటల పక్కన స్థిరపడింది.

అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలు, శేషాచలం, నల్లమల అడవుల అంచులు ఇటువంటి పొడి గడ్డికి అనువైన భూములే. ఏటా వేసవిలో కార్చిచ్చుతో పోరాడే ఈ అడవుల అంచున ఉన్న నివాసాలలో ఫౌంటెన్ గడ్డిని విత్తనంతో పెంచడం వలన కలిగే నష్టం ఆ తోట యజమాని ఆవరణకు పరిమితం కాదు. మన రెల్లు గడ్డి స్థానికమే అయినా, భూగర్భ కాండంతో పాకి పొరుగు స్థలాలను కూడా ఆక్రమిస్తుంది. కోయంబత్తూరు చెరకు ప్రజననంలో సంకరానికి వాడిన ఈ జాతి విలువను గుర్తిస్తూనే, దానిని ఏటి ఒడ్డునే ఉంచడం మేలు.

విదేశీ విత్తనాల దిగుమతికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశపు సస్యారోగ్య ధ్రువపత్రం అవసరం. ఆన్‌లైన్‌లో విదేశీ విక్రేత నుండి తపాలాలో తెప్పించుకొన్న చిన్న పొట్లానికి కూడా మినహాయింపు లేదు. 2020లో వివిధ దేశాలలో అడగని విత్తన పొట్లాలు తపాలాలో చేరినప్పుడు మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది.

విత్తనోత్పత్తి ప్రాంతాలలో అదనపు జాగ్రత్త

నిజామాబాద్ పరిసరాలలో సంకర సజ్జ విత్తనోత్పత్తి అనేక కుటుంబాలకు జీవనాధారం. సజ్జ సంకర విత్తన క్షేత్రాలకు ధ్రువీకరణ స్థాయిలో 200 మీటర్లు, మూల విత్తన స్థాయిలో 1,000 మీటర్ల వేర్పాటు దూరం పాటించాలన్నది ప్రమాణం. పొలం సరిహద్దులోని ఇతర సజ్జ పైర్లను తనిఖీ అధికారి చూస్తారు. ఇంటి ప్రహరీ లోపల అందం కొరకు నాటిన పది ఊదారంగు సజ్జ మొక్కలను ఎవరూ లెక్కించరు. వాటి పుప్పొడి మాత్రం గాలితో వెళ్ళి ఆడ వరుసలపై పడగలదు. జన్యు స్వచ్ఛత పరీక్షలో భిన్న మొక్కలు పరిమితి మించితే ఆ విత్తనపు రాశి తిరస్కరణకు గురై, రైతు నష్టపోతాడు. కనుక విత్తనోత్పత్తి గ్రామాలలో అలంకరణ సజ్జను సూచించరాదు. ఇప్పటికే నాటిన వారు పూతకు ముందే కంకులను కత్తిరించి, ఆకుల అందంతో తృప్తిపడాలి. అటువంటి గ్రామాలలో కొర్ర, కోయిక్స్, పామారోజా నిరపాయమైన ప్రత్యామ్నాయాలు. సజ్జతో వీటికి సంకరం జరగదు.

విస్తరణ సలహాలో అడగవలసిన ప్రశ్నలు

అలంకరణ గడ్డిని విత్తనంతో పెంచాలని కోరిన వ్యక్తికి సలహా ఇచ్చే ముందు శాస్త్రవేత్త ఐదు విషయాలు తెలుసుకోవాలి. పొట్లంపై శాస్త్రీయ నామం ఉన్నదా? ఆ జాతి ఇతర దేశాలలో కలుపుగా నమోదైనదా? విత్తనం ఎక్కడి నుండి వచ్చింది? ఇంటికి అడవి, చెరువు, విత్తన క్షేత్రం ఎంత దూరంలో ఉన్నవి? కంకులను గింజ రాలకముందే కోయడానికి ఆ కుటుంబం సిద్ధమా? శాస్త్రీయ నామం లేని పొట్లం విత్తవద్దని చెప్పడానికి వెనుకాడనవసరం లేదు. పేరు తెలియని మొక్కకు నిద్రావస్థ గురించిగాని, ఆక్రమణ స్వభావం గురించిగాని సలహా ఇవ్వడం సాధ్యం కాదు.

విద్యార్థులకు ఈ విషయంలో చక్కని అధ్యయన అవకాశం ఉన్నది. స్థానిక కొర్ర రకాలలో నూగు రంగు, కంకి వంపు, ఆకు ఛాయలను అలంకరణ దృష్టితో ఇంతవరకు వర్గీకరించిన వారు తక్కువ. దిగుబడి తక్కువని పక్కనపెట్టిన రకాలలో ఎర్రని, నల్లని కంకులున్నవి తోటలకు పనికివస్తాయి. పామారోజా విత్తనాన్ని కోత తరువాత ప్రతి నెలా పరీక్షించి నిద్రావస్థ తొలగే కాలాన్ని స్థానికంగా నిర్ధారించడం, కోయిక్స్ గింజలను నానబెట్టే వ్యవధిని పోల్చిచూడడం స్నాతక స్థాయి ప్రాజెక్టుకు తగిన అంశాలు. వీటికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. మొలక కాగితం, లెక్కించే ఓపిక, నమోదు పుస్తకం చాలు.

నెబ్రాస్కాలో సజ్జను తోట మొక్కగా మలచిన ప్రజననకారుడు చిరుధాన్యాల పరిశోధనలో ఆరితేరినవాడు. సజ్జను, కొర్రను తరతరాలుగా సాగుచేసిన ఈ నేలపై అటువంటి ఎంపికకు కావలసిన వైవిధ్యం ఇంకా మిగిలి ఉన్నది. పెరట్లో గడ్డి అందం కోరుకొనే గృహస్థునికి మొదటి పొట్లంగా స్థానిక కొర్ర విత్తనాన్ని అందించగలిగితే, ఆ తోటకు మూడు నెలలలో కంకులు వస్తాయి, కనుమరుగవుతున్న ఒక రకానికి అదనపు ఆశ్రయం దొరుకుతుంది, పొరుగు పొలానికీ అడవికీ హాని కలుగదు.